కూలికి పోని అమ్మ కూలి రేటు ఎంత?



మొయినాబాద్, చేవెళ్ల తోటల్లో, గండిపేట చుట్టూ లేస్తున్న బిల్డింగుల దగ్గర ఎంతోమంది ఆడవాళ్లు కూలి చేస్తరు. "ఆడకూలీల సగటు రేటు ఇంత" అని రిపోర్టుల్లో ఒక అంకె వస్తది. ఆ అంకెలో ఎవరున్నరు, ఎవరు లేరు? ఈ ప్రశ్నకు కూడా ఒక చరిత్ర ఉంది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో ఆరు ఊర్లలో అధ్యయనం మొదలుపెట్టింది. నాలుగు మహారాష్ట్రవి, రెండు మన పాత మహబూబ్‌నగర్ జిల్లావి: అవురుపల్లి, డోకూర్. అవురుపల్లి ఉన్న మాడ్గుల మండలం ఇప్పుడు మన రంగారెడ్డి జిల్లాలనే ఉంది. ఊరికి 40 ఇండ్లు: భూమి లేని కూలోళ్లవి 10, చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి. అవే ఇండ్లకు ఏండ్ల తరబడి పోయి పని, కూలి, పంట అన్నీ రాసుకున్నరు. ఇట్లాంటి లెక్కనే ప్యానెల్ డేటా అంటారు.

చిక్కు ఎక్కడంటే, రేటు రాయాలంటే ఆమె కూలికి పోయి ఉండాలె. సొంత చేన్ల కలుపు తీసినా, చంటిపిల్లతో ఇంట్ల ఉన్నా ఆ గడి ఖాళీనే.

ఒక తండాలో ఐదుగురు అనుకుందాం. వాళ్లకు దొరికే కూలి 400, 350, 300, 250, 200. చివరి ఇద్దరు "ఇంత తక్కువకు పిల్లలను వదిలి పోవుడు దండుగ" అని ఆగిపోయిన్రు. కాగితం మీద సగటు 350. ఐదుగురినీ లెక్కపెడితే 300. మరుసటేడు 300 ఆమె కూడా ఆగితే సగటు 375 అయితది. రేటు ఎవరికీ పెరగలేదు, కానీ పెరిగినట్టు కనిపిస్తది! కరువు ఏడాది ఇది తిరగబడొచ్చు: గతిలేనోళ్లు తక్కువకైనా పోతరు, కాస్త ఉన్నోళ్లు ఇంట్లనే ఉంటరు.

అమెరికా ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ 1979లో దీనికి ఒక దారి చూపించిండు. మొదట, ఎవరు పనికి పోతరు అన్నది లెక్కగట్టాలె: పిల్లల వయసు, భూమి, ఇంట్ల వేరే ఆదాయం చూసి. ఆ లెక్క నుంచి వచ్చే దిద్దుబాటు అంకెను తర్వాత కూలి లెక్కలో కలపాలె. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఒకే మనిషిని ఏటేటా చూస్తే ఈ బాధ పోదా? సగమే పోతది. ఆమె పనితనం లాంటి మారని గుణాలు కొట్టివేయబడతాయి. కానీ ఈ ఏడు బిడ్డ పుట్టింది, వచ్చే ఏడు బోరు ఎండింది, ఇవి మారేవి. అందుకే జెఫ్రీ వూల్‌డ్రిడ్జ్ 1995లో ప్రతి ఏడాదికి విడిగా మొదటి మెట్టు లెక్కగట్టి దిద్దే పద్ధతి ఇచ్చిండు.

ఈ మందుకూ ఒక షరతు ఉంది. పనికి పోవుడును మార్చేది, రేటును మార్చనిది ఒక్కటన్నా దొరకాలె. చంటిపిల్లలు ఉన్నరా అన్నదాన్నే చాలామంది వాడుతరు. కానీ చంటిపిల్ల ఉన్న తల్లి దూరం పోలేక, దగ్గర్లో తక్కువ కూలికే ఒప్పుకుంటది కదా? అప్పుడు పిల్ల రేటును కూడా మార్చినట్టే.

మనకెందుకు ఇదంతా? 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆడ, మగ ఒకటే రేటు. అట్లాంటి పని 260కి దొరికి, మన లెక్కలోని చివరి ఇద్దరూ బయటికొస్తే సగటు 350 నుంచి 314కి పడుతది. ఎవరూ నష్టపోలే, ఇద్దరు బాగుపడ్డరు. అంకె మాత్రమే చూసినోడు "పథకం వల్ల కూలి పడిపోయింది" అంటడు.

2025 జనవరి నుంచి కేంద్రం చేసే పనుల సర్వే పల్లెల్లో కూడా ఒకే ఇంటికి నాలుగుసార్లు వస్తుంది. మీ ఇంటికొస్తే "అమ్మ ఖాళీగనే ఉంటది" అనకండి. చేన్ల చేసిన పని చెప్పండి, కూలికి పోకపోతే ఎందుకు పోలేదో చెప్పండి. డిగ్రీ ప్రాజెక్టుకు తండాలు తిరిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడ్డా మీద ఉన్నోళ్లనే కాదు, ఇంటికాడ ఆగిపోయినోళ్లను కూడా అడగండి. వాళ్లు లేని సగటు మన తండా సగటు కాదు.