రంగు తిండి మీద యాభై ఏళ్ల తగువు

పిల్లల్లో కుదురు, ఏకాగ్రత లోపించే ఏడీహెచ్‌డీకి మందుల్లేకుండా చేసే వైద్యాల్లో, తిండిలో కృత్రిమ రంగులు, రుచులు మాన్పించే ఫైన్‌గోల్డ్ పథ్యానికి వచ్చినంత పేరు, మూటగట్టుకున్నంత అపకీర్తి తక్కువ వాటికే దక్కాయి. అది అద్భుతమన్న తల్లులున్నారు, ఒట్టి బూటకమన్న డాక్టర్లూ ఉన్నారు. ఇన్నేళ్ల సాక్ష్యాన్ని వరసగా పెట్టి చూస్తే రెండు మాటలూ నిలవవు. ఒక పిల్లవాడికి చేసే వైద్యంగా ఆ పథ్యం చాలావరకు ఓడిపోయింది. పిల్లలందరూ తినే తిండి మీద ఉండాల్సిన అదుపుగా మాత్రం గెలిచింది. ఈ రెండూ వేర్వేరు లెక్కలని తేలడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

అమెరికాలో కుదురు లేని పిల్లలకు మందులివ్వడం ఆ పథ్యం పుట్టేనాటికి కొత్త కాదు. 1937లోనే రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు బెంజెడ్రిన్ ఇచ్చి చూశాడు. 1950ల్లో రిటాలిన్ వచ్చింది. గొడవ మొదలైంది 1970లో. ఒమహా నగరంలో బడిపిల్లల్లో ఐదు నుంచి పది శాతం మందికి ఇలాంటి మందులు ఇస్తున్నారని వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఆ లెక్క మీద తర్వాత ఎంత వాదన జరిగినా తల్లిదండ్రుల్లో బెదురు మిగిలిపోయింది, అమెరికన్ కాంగ్రెస్ విచారణ కూడా పెట్టింది. మరోవైపు తిండిలో కలిపే కోల్‌టార్ రంగుల మీద అనుమానాలు ముదురుతున్నాయి. 1976లో రెడ్ నంబర్ 2 రంగును ఆ దేశం నిషేధించింది కూడా. సరిగ్గా ఈ సందులో, 1973లో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కైజర్ పర్మనెంటీ ఆసుపత్రి ఎలర్జీ వైద్యుడు బెంజమిన్ ఫైన్‌గోల్డ్ తన మాట చెప్పాడు. కృత్రిమ రంగులు, రుచులు మాన్పిస్తే, ఆస్పిరిన్ జాతికి చెందిన సాలిసిలేట్లు ఉన్న పళ్లు, కాయలు కూడా ఆపితే, ఈ పిల్లల్లో దాదాపు సగం మంది కుదుటపడతారన్నాడు. ఆపిల్, నారింజ, ద్రాక్ష, టమాటా, కీర, బాదం అన్నీ ఆ నిషేధంలోకి వచ్చాయి. 1976 నాటికి తల్లిదండ్రులు ఆయన పేరు మీద సంఘం కూడా పెట్టుకున్నారు. మందుచీటీ డాక్టరు చేతిలో ఉంటుంది, వంటిల్లు తల్లి చేతిలో ఉంటుంది. ఆ పథ్యానికి అంత ఆదరణ రావడానికి సగం కారణం ఇదేనని నా లెక్క. ప్రతి డబ్బా మీది అక్షరాలు చదివి, ప్రతి పూటా విడిగా వండే చాకిరీ కూడా ఆమె నెత్తినే పడిందన్న సంగతి అంతగా చర్చకు రాలేదు.

పరీక్షలు త్వరగానే మొదలయ్యాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హార్లీ బృందం 1978లో చేసిన ప్రయోగం వీటిలో శ్రద్ధగా చేసినది. ఏ వారం ఏ తిండో తల్లులకు తెలియకుండా, ఇంటిల్లిపాదికీ సరుకులు పరిశోధకులే పంపారు. బడి వయసు పిల్లల్లో టీచర్లకు తేడా కనబడలేదు. ఇంకా చిన్నపిల్లల విషయంలో తల్లులకు మాత్రం కనబడింది. 1980లో బెర్నార్డ్ వైస్ 22 మంది పిల్లలకు రంగు కలిపిన పానీయాలిచ్చి చూస్తే ఇద్దరిలోనే స్పష్టమైన మార్పు వచ్చింది. 1983లో కవాలే, ఫోర్నెస్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి ఫలితం నామమాత్రమని తేల్చారు. వైద్యలోకం ఆ ఫైలు మూసేసింది.

కళ్లారా చూసిన తల్లుల మాట అబద్ధమా అని అడగవచ్చు. అబద్ధం కాదు. ఒక పిల్లవాడి కోసం ఇల్లంతా వేళకు తిని, వాడి మీద శ్రద్ధ పెడితే వాడిలో మార్పు రావడం సహజమే, ఆ ఘనత రంగు మాన్పించడానికి చెందదు. పైగా మన కన్ను ఆశించిందే చూస్తుంది. 1994లో హూవర్, మిలిచ్ చేసిన ప్రయోగంలో పిల్లలెవరికీ చక్కెర ఇవ్వలేదు. అయినా ఇచ్చామని చెబితే నమ్మిన తల్లులు తమ పిల్లలు మరీ అల్లరి చేశారన్నారు. రెండో అభ్యంతరం గట్టిది. తొలి పరిశోధనల వెనుక ఆహార కంపెనీల డబ్బుతో నడిచే న్యూట్రిషన్ ఫౌండేషన్ ఉంది. తొలి ప్రయోగాల్లో బిస్కెట్లలో పెట్టిన రంగు కూడా రోజుకు 26 మిల్లీగ్రాములే. 1980లో స్వాన్సన్, కిన్స్‌బోర్న్ 100 మిల్లీగ్రాములు, అంతకు మించి ఇచ్చి చూసినప్పుడు ఫలితం వేరుగా వచ్చింది. కాబట్టి ఫైలు తొందరపడి మూశారన్న నింద న్యాయమే.

ఆ ఫైలును గట్టిగా తెరిచింది బ్రిటన్. అక్కడి ప్రభుత్వ ఆహార సంస్థ డబ్బుతో సౌతాంప్టన్ పరిశోధకులు మూడేళ్ల పిల్లలు 153 మందికి, ఎనిమిది తొమ్మిదేళ్లవాళ్లు 144 మందికి రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాలిచ్చారు. 2007లో లాన్సెట్‌లో వచ్చిన ఆ ఫలితంలో అసలు విశేషం, వాళ్లు ఏడీహెచ్‌డీ ఉందని ఏరి తెచ్చిన పిల్లలు కాకపోవడం. మామూలు పిల్లల్లోనే చంచలత్వం కొద్దిగా పెరిగింది. ఒక్క పిల్లవాడికి అంత చిన్న తేడా వైద్యం అనిపించుకోదు. దేశంలోని పిల్లలందరి మీద పడితే అది చిన్నది కాదు, తీసేస్తే పోషణకు వచ్చే నష్టమూ లేదు. 2010 జులై నుంచి ఐరోపా సమాఖ్య ఆ ప్రయోగంలో వాడిన ఆరు రంగుల మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది. అమెరికాలో 2011లో ప్రభుత్వ సలహా సంఘం మాత్రం ఎనిమిదికి ఆరు ఓట్లతో అలాంటి హెచ్చరిక అక్కర్లేదంది. కాలిఫోర్నియా 2024లో ప్రభుత్వ బడుల భోజనంలో కొన్ని రంగుల నిషేధానికి చట్టం చేసింది.

అలాగైతే ముందు పథ్యం, తర్వాతే మందు అనవచ్చు కదా? 579 మంది పిల్లలతో ఉత్తర అమెరికాలో పద్నాలుగు నెలలు నడిచి 1999లో వెలువడిన అధ్యయనం ఆ వరసను సమర్థించదు. అసలు లక్షణాల మీద, జాగ్రత్తగా మోతాదు చూసి ఇచ్చిన మందు, మందుల్లేని మరో పద్ధతైన ప్రవర్తన శిక్షణ కన్నా బాగా పనిచేసింది. రెండూ కలిపినచోట తక్కువ మోతాదు సరిపోయింది. అంటే మందుల్లేని పద్ధతికి చోటుంది, ఒంటరిగా నిలబెట్టి గొప్ప చేయనక్కర్లేదు. అసలే తిండి సరిగా తినని పిల్లవాడి కంచంలోంచి పళ్లు కూడా తీసేయడం వైద్యుడి పర్యవేక్షణ లేకుండా చేసే పని కాదు. రంగు డబ్బా సంగతి వేరు. భారతదేశం ఆహారంలో అనుమతించిన ఎనిమిది కృత్రిమ రంగుల్లో టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పాన్సో 4ఆర్ ఉన్నాయి. ఈ నాలుగూ సౌతాంప్టన్ ఆరింటిలోవే. ఐరోపా డబ్బాల మీద ఉన్న హెచ్చరికను ఇక్కడా వేయమని అడగాల్సింది ఏడీహెచ్‌డీ పిల్లల తల్లిదండ్రులు మాత్రమే కాదు, అంగట్లో పిల్లలకు తినుబండారాలు కొనే మనమందరం.