సిరొంచ సీమ - శాసనసభ దినాలు

ఉగాదినాటి పంచాంగ శ్రవణం ఏటికొక్కసారి జరిగితే చాలు. ఆదాయవ్యయాలు, రాజపూజ్యావమానాలు తెలిసిపోతవి. ప్రజల మంచిచెడ్డలు విచారించవలసిన శాసనసభకు అట్లు చాలునా? ఈ ప్రశ్నకు ఇంద్రావతి గట్టునున్న పాతగూడెం వంటి ఊళ్ళ చరిత్రయే సమాధానం చెప్పగలదు.

పాతగూడెం మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోనిది. ఈ తాలూకాలో కచేరీ భాష మరాఠీ అయినను, అనేక గృహాలలో మాట తెలుగే. ఇంటి భాష ఒకటి, రాజభాష మరొకటి అయిన మనవంటి ప్రవాస కుటుంబాలకు వారి స్థితి వివరించనక్కరలేదు.

1860లో నిజాము గోదావరి ఎడమగట్టు సీమను ఇంగ్లీషువారికి వదలుకొనగా, ఎగువ గోదావరి జిల్లా ఏర్పడి, సిరొంచ దానికి ముఖ్యపట్టణమైనది. 1874లో ఆ జిల్లా రద్దయి చాందాలో కలిసినది. అప్పటికి మధ్యపరగణాల రాజధాని నాగపూరు. 1956 నవంబరు 1న ఈ ప్రాంతం బొంబాయి రాష్ట్రంలోనికి, 1960 మే 1న మహారాష్ట్రలోనికి వచ్చినది. దానితో రాజధాని మరింత దూరమైనది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. శాసనసభ మాత్రం ముంబయిలోనే ఉన్నది.

ఈ దూరభారాన్ని ముందే ఊహించి, పెద్దలు 1953లో నాగపూరు ఒడంబడిక చేసికొన్నారు. ఏటా ఒక సమావేశమైనా నాగపూరులో జరగవలెనని అందులోని షరతు. శీతకాల సమావేశం అందువలననే అక్కడ జరుగుతున్నది. అయితే 2024లో అది డిసెంబరు 16 నుండి 21 వరకే సాగినది. సభ దగ్గరకు వచ్చినను, నిలిచినది వారం లోపే.

రాజ్యాంగం రెండు సమావేశాల నడుమ ఆరు నెలలు మించరాదన్నదే కాని, ఏడాదికి ఇన్ని దినాలు కూర్చోవలెనని చెప్పలేదు. వరదలు సమావేశాలకొరకు ఆగవు. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగి సిరొంచ తాలూకా ఊళ్ళను ముంచినవి. వర్షాకాల సమావేశం ఆగస్టు 17న గాని మొదలు కాలేదు, 25తో ముగిసినది. సభ లేనప్పుడు ఆర్డినెన్సు వెలువడవచ్చును. ప్రశ్న అడుగుటకు మాత్రం సభయే కావలెను.

సభను ఏడాది పొడవునా నడిపిన దేశాలు లేకపోలేదు. అమెరికాలోని కాలిఫోర్నియా ప్రజలు 1966లో ఓటు వేసి, తమ సభ దినాలపై ఉన్న హద్దు తొలగించి, దానిని పూర్తికాలపు సభగా మలచుకొన్నారు. కాని మన ప్రతినిధి నిరంతరం ముంబయిలో ఉన్నచో, పాతగూడెం గోడు వినువారెవరు? సిరొంచ ఇప్పుడు అహేరి నియోజకవర్గంలోనిది. అక్కడినుండి ముంబయికి పోయిరావడమే ఒక యాత్ర.

అందుచేత మధ్యేమార్గం మేలు. జస్టిస్ వెంకటాచలయ్య సంఘం 2002లో పెద్ద శాసనసభలు ఏటా 90 దినాలైనా కూర్చోవలెనని సూచించినది. ఆ దినాలు ఏడాది అంతటా పరచుకొని, అందులో న్యాయమైన భాగం నాగపూరుకు దక్కి, వరదల కాలంలో సభాసంఘాలు నదీతీరానికి కదలి వచ్చినప్పుడే ఒడంబడికలోని మాట నెరవేరినట్లు. దూరపు ఊరివారు కోరేది రాజధానిని కాదు. తమ మాట వినే వేళను.