చెవికి అప్పజెప్పిన చదువు

మన వీధిబడుల సంగతి వచ్చినప్పుడు చాలామంది ఒక మాట అనేస్తారు: కాగితం లేదు, అచ్చు పుస్తకం లేదు, గత్యంతరం లేక పిల్లలు విని వల్లె వేసేవారని. పుస్తకం అపురూపమైన వస్తువన్నది నిజమే. కానీ ఆ బడుల్లో దేన్ని చేతితో నేర్పారో, దేన్ని చెవికీ గొంతుకీ అప్పగించారో విడదీసి చూస్తే ఈ మాట నిలవదు. ఏది రాయించాలి, ఏది వినిపించాలి అన్న ఎంపిక అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. విని నేర్వడాన్ని రాత రాని కాలపు సర్దుబాటుగా కాక, తప్పు పట్టే ఉపాయాలను తనలోనే పెట్టుకున్న బోధనా పద్ధతిగా చూడాలని నా వాదం.

దీనికి గట్టి సాక్ష్యం ఒక కలెక్టరు రిపోర్టులో ఉంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని బడుల లెక్క తీయమన్నాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ జవాబు పంపాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలోనిదే. 1882లో గాని విడిపోలేదు. జిల్లాలో 533 బడులు, అందులో కన్నడం 235, తెలుగు 226. పిల్లలు 6,641 మంది. ఆయన అంకెలతో ఆగక బడి లోపలికి తొంగి చూశాడు. ఐదో ఏట పిల్లవాణ్ణి బడిలో వేస్తారు. పొద్దున ఆరింటికి అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, రెండోవాడికి సున్న చుడతారు, మూడోవాడి దగ్గర్నుంచి ఒకటి, రెండు, మూడు చొప్పున చిన్న దెబ్బలు. అక్షరాలను మాత్రం పైకి చదివించి కాక ఇసుకలో వేలితో దిద్దించి నేర్పుతారని, ఇది యూరపు పద్ధతి కాదని ఆయన ప్రత్యేకంగా చెప్పాడు. తర్వాత పలక, లేదంటే కడితం. గంజీ బొగ్గుపొడీ పట్టించి బిగువెక్కించిన గుడ్డ అది. బలపంతో రాసి, తుడిచి, మళ్లీ రాసుకోవచ్చు. అంటే రాతకు సాధనాలు కొదవ లేదు, పైగా చవక. అయినా ఎక్కాలూ పద్యాలూ అమరకోశమూ నోటికి రావలసిందే.

ఎందుకంటే అవి ఎదురుగా పలక లేనిచోట అక్కరకు వచ్చేవి. కళ్లంలో గింజలు కొలిచేచోట, అంగట్లో బేరం తేలేచోట అర, పావు, పరక, వీసం నాలుక మీద ఆడాలి. ఒకడు ఎక్కం అంటుంటే తక్కినవాళ్లు గొంతు కలుపుతారు. తప్పినవాడి గొంతు విడిగా వినబడి అక్కడికక్కడే దొరికిపోతుంది. పద్యంలో ఈ కాపలా మరింత గట్టిది. పిల్లలకు మొదట చెప్పే సుమతీ శతకపు కందాన్నే తీసుకోండి. మొదటి పాదం లఘువుతో మొదలైతే నాలుగూ లఘువుతోనే మొదలవ్వాలి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస కుదరాలి. రెండో పాదంలో, నాలుగో పాదంలో యతి పడాలి. ఒక మాట మరచి ఇంకో మాట ఇరికిస్తే నడక తప్పుతుంది, అర్థం తెలియని పిల్లవాడి చెవికి కూడా తెలిసిపోతుంది. వేదాధ్యయనంలో ఇదే బుద్ధిని ఇంకెంతో దూరం తీసుకుపోయారు. జట అనే పఠన క్రమంలో రెండేసి పదాలను ముందుకూ వెనక్కూ మళ్లీ ముందుకూ చెబుతారు. ఘన అనే క్రమంలో మూడో పదమూ వచ్చి చేరుతుంది. ఒక్క పదం జారినా అల్లిక తెగుతుంది. ఏడో శతాబ్దం చివర్లో మన దేశానికి వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, వేదాలు ఆకుల మీదకు ఎక్కకుండా నోటి నుంచి నోటికే అందుతున్నాయని రాశాడు. కర్నూలు సీమలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు చెక్కి అప్పటికే తొమ్మిది వందల ఏళ్లు దాటింది. రాత తెలిసీ వద్దనుకున్నారన్నమాట.

దీనికి మొదటి ఆక్షేపణ క్యాంప్‌బెల్‌దే. బడిపిల్లలు లెక్కలేనన్ని పద్యాలు పొల్లుపోకుండా చెబుతారు గాని, వాటి అర్థం చిలుకకు తెలిసినంతే తెలుసునన్నాడు. తెలియక అన్న మాట అని తోసెయ్యలేం. 1816లోనే తెలుగు వ్యాకరణం రాసి అచ్చువేసిన మనిషి ఆయన. పైగా చిన్నపిల్లలకు పెద్దపిల్లలు చెప్పే ఏర్పాటును, దానివల్ల చెప్పేవాడి చదువూ గట్టిపడటాన్ని ఆ రిపోర్టులోనే మెచ్చుకున్నాడు. ఆక్షేపణ మన సంప్రదాయానికీ కొత్త కాదు. అర్థం తెలియని వేదపాఠాన్ని యాస్కుడు నిరుక్తంలోనే నిందించాడు. అయితే క్యాంప్‌బెల్ చెప్పిన కారణం చూడాలి: పద్యాల భాష వేరు, జనం మాట్లాడే భాష వేరు, చాలాచోట్ల పంతులుకే ఆ భాష పట్టుబడలేదు. లోపం వినడంలో లేదు, విన్నదాన్ని విప్పి చెప్పేవాడు లేకపోవడంలో ఉంది. అలా చెప్పేవాడు బడి బయట ఉండేవాడు. రాత్రిళ్లు గుడిలోనో రచ్చబండ దగ్గరో పురాణం జరిగేది; ఒకరు పద్యం చదివితే పౌరాణికుడు దాన్ని వాడుక మాటల్లో విప్పేవాడు. బడిలో నోటికి వచ్చిన భాగవతం పద్యానికి అర్థం అక్కడ, కొన్నేళ్ల తర్వాతైనా దొరికేది. అందరికీ దొరికిందని మాత్రం అనను.

రెండో ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది. 9,27,857 మంది జనాభాలో బడికి వెళ్లింది వెయ్యికి ఏడుగురు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. వేదమైతే స్త్రీలకూ శూద్రులకూ వినడానికే నిషిద్ధం. చెవి ద్వారా చదువు అంత చవకైనదైతే ఇంతమందికి ఎందుకు అందలేదు? ఇది కులం వేసిన తలుపు, లేమి వేసిన తలుపు. పద్ధతి వేసినది కాదు. బడి గడప తొక్కనివ్వని ఆడవాళ్లు ఊర్మిళాదేవి నిద్ర వంటి దీర్ఘమైన పాటల్ని తల్లి నోట విని కూతురికి అందించారు. ఒగ్గు కథకులూ బుర్రకథలవాళ్లూ రాత్రంతా నడిచే కథల్ని అలాగే నేర్చుకున్నారు. కానీ దీన్ని చూపి ఊరట పొందడం అన్యాయం. ఎంత పాట వచ్చినా షావుకారు రాయించుకున్న పత్రంలో ఏముందో ఆ పాడే మనిషికి తెలియదు. చేతికి అందవలసిన చదువు చేతికే అందాలి. పాట దానికి బదులు కాదు.

తర్వాత అచ్చు పుస్తకాలు వచ్చాయి, 1857లో మద్రాసు యూనివర్సిటీ, దానితో రాతపరీక్షలు వచ్చాయి. కంఠస్థం పోలేదు, వినేవాడు పోయాడు. పాఠం ఒకరికి అప్పజెబితే తప్పు అప్పుడే దిద్దుబాటవుతుంది; ఏడాదికోసారి కాగితం మీద కక్కిన జవాబులో తప్పును దిద్దే చెవి లేదు. పుస్తకం చేతిలోకి వస్తే అర్థం దానంతటదే వస్తుందన్న ఆశ కూడా తీరలేదు. క్యాంప్‌బెల్ ఎత్తిచూపిన ఎడమే, బడి భాషకూ నోటి భాషకూ మధ్య, దాదాపు తొంభై ఏళ్ల తర్వాత అచ్చు వాచకాల్లో అలాగే ఉంది. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడింది దాని మీదే. ఆయన అంతకుముందే పర్లాకిమిడిలో, ఒక్క పుస్తకమైనా లేని సవర భాషను సవరల నోట విని నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు.