వందే భారత్ ఎక్స్‌ప్రెస్ (విశాఖపట్నం–సికింద్రాబాద్)

విశాఖపట్నం, సికింద్రాబాద్ మధ్య 699 కిలోమీటర్ల దూరం నడిచే పగటి రైలు. 2023 జనవరి 15న, సంక్రాంతి నాడు ప్రారంభమైంది. దేశంలో ఎనిమిదో వందే భారత్ ఇది, తెలుగు రాష్ట్రాలకు మొదటిది. జగ్గయ్యపేట, నందిగామలున్న పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం (ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా) పక్కగా మధిర, ఎర్రుపాలెం, కొండపల్లి మీదుగా సాగిపోతుంది.

పూర్వరంగం: నిజాం రైల్వే 1889లో బెజవాడను (ఇప్పటి విజయవాడ) చేరింది. 1969లో విజయవాడ–సికింద్రాబాద్ మధ్య మొదలైన గోల్కొండ ఎక్స్‌ప్రెస్ గంటకు సగటున 58 కిలోమీటర్లతో దేశంలోకెల్లా వేగమైన ఆవిరి ప్రయాణికుల రైలుగా పేరు పొందింది. తర్వాత డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చాయి.

రూపకల్పన: చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ, జనరల్ మేనేజరు సుధాంశు మణి హయాంలో, ఈ తరహా రైలును సుమారు 18 నెలల్లో, దాదాపు 100 కోట్ల రూపాయలతో తయారుచేసింది. 2018 అక్టోబరులో బయటికి వచ్చింది కనుక మొదట ‘ట్రైన్ 18’ అన్నారు. చక్రాలు తిప్పే విద్యుత్ వ్యవస్థను హైదరాబాద్ సంస్థ మేధా సర్వో డ్రైవ్స్ సమకూర్చింది. తెలుగువారు చెప్పుకోదగిన సంగతే. అదే ఏడాది డిసెంబరులో కోటా–సవాయి మాధోపూర్ మార్గంలో పరీక్షించగా 180 కిలోమీటర్ల వేగం అందుకుంది. 2019 ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ–వారణాసి మధ్య తొలి సర్వీసు నడిచింది.

నిర్మాణం: దీనికి విడిగా ఇంజను లేదు. సగం పెట్టెల కిందే మోటార్లుంటాయి. లాగే బలం రైలు పొడవునా పంచి ఉండటంతో స్టేషను దాటగానే వేగం పుంజుకుంటుంది. రెండు చివర్లా డ్రైవరు గది ఉండటంతో గమ్యంలో ఇంజను మార్చే పని లేదు. బ్రేకు వేసినప్పుడు మోటార్లే కరెంటు పుట్టించి తీగకు తిరిగి ఇస్తాయి. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి; పరుగెత్తి ఎక్కే అలవాటుకు ఇక్కడ చోటు లేదు. మొదట 16 పెట్టెల్లో 1,128 సీట్లుండేవి. 2022లో వచ్చిన రెండో తరం రైలు బరువు 430 నుంచి 392 టన్నులకు తగ్గింది, ‘కవచ్’ రక్షణ వ్యవస్థ చేరింది. ఆ కవచ్‌ను 2022 మార్చి 4న వికారాబాద్ దగ్గర గుల్లగూడ–చిట్టిగిద్ద మధ్య రైల్వే మంత్రి సమక్షంలో పరీక్షించారు. ముక్కుభాగం మాత్రం సున్నితం: 2022 అక్టోబరులో గుజరాత్‌లో ఓ వందే భారత్ గేదెలను ఢీకొన్నప్పుడు అది ఊడిపోయింది.

వేగం: రైలు సామర్థ్యం ఎంతున్నా పట్టాలు ఒప్పుకున్నంతే పరుగు. దక్షిణ మధ్య రైల్వే 2022 సెప్టెంబరులో కాజీపేట–కొండపల్లి సహా పలు మార్గాల్లో గరిష్ఠ వేగాన్ని 130 కిలోమీటర్లకు పెంచింది. ప్రారంభంలో ప్రయాణ సమయం ఎనిమిదిన్నర గంటలు, అంటే సగటున గంటకు 82 కిలోమీటర్లు. ఆవిరి గోల్కొండ సగటుకు ఇది 24 మాత్రమే ఎక్కువ. అంతర్జాతీయ లెక్కలో హైస్పీడు అనాలంటే మెరుగుపరచిన పాత మార్గాల్లోనైనా గంటకు 200 కిలోమీటర్లు అందుకోవాలి. అందుకే దీన్ని సెమీ హైస్పీడు అంటారు.

జగ్గయ్యపేట, నందిగామ: నందిగామకు రైల్వే స్టేషను లేదు. జగ్గయ్యపేటకు మోటుమర్రి నుంచి వచ్చే పట్టాల మీద ఎక్కువగా సిమెంటు రవాణా సాగుతుంది. ఈ ఊళ్లవారు వందే భారత్ ఎక్కాలంటే బస్సులో విజయవాడకో ఖమ్మానికో వెళ్లాలి. 2024 మార్చి 12న విశాఖపట్నం–సికింద్రాబాద్ మార్గంలోనే రెండో వందే భారత్ మొదలైంది.