అడగడానికి నాన్న లేడు

1940. టోక్యోలోని అకసాకా పేట. ఒకప్పుడు పార్లమెంటు సభ్యుడిగా పనిచేసిన కురిహర హికొసబురో ఇంటి ఆవరణలో కొలిములు రగులుతున్నాయి. కత్తుల తయారీ నేర్పడానికి 1933లో ఆయన సొంత ఇంట్లోనే తెరిచిన బడి అది. నీగత నుంచి వచ్చిన ఓ కుర్రాడు ఆ గుమ్మంలో అడుగుపెట్టాడు. పదమూడేళ్లు నిండాయో లేదో. ఇంటిపేరు అమత.

నిప్పు వాడికి కొత్త కాదు. తండ్రి సదయోషి కత్తులు చేసే కమ్మరే. కానీ 1937లో, కొడుక్కి పదేళ్ల ప్రాయంలో, ఆయన కన్నుమూశాడు. పని నేర్చుకునే వయసు వచ్చేసరికి నేర్పే మనిషి లేడు. ఆ పని వెతుక్కుంటూనే కుర్రాడు రాజధానికి చేరాడు.

బొగ్గుతో ఓనమాలు

కత్తి చేయాలని వచ్చినవాడికి ముందుగా దక్కేది బొగ్గుల పని. పైన్ చెట్టు బొగ్గును ఒకే కొలత ముక్కలుగా నరకాలి. ముక్కలు మరీ పెద్దవైతే మంట నిలకడగా ఉండదు, పొడైపోతే గాలి ఆడదు. బొగ్గు కోతకే మూడేళ్లని అక్కడి కమ్మరుల నానుడి. చేతులు నరుకుతున్నా కళ్లు మాత్రం కొలిమి మీదే ఉండాలి. గురువు తిత్తి ఎప్పుడు ఆపాడు, ఏ రంగు చూసి ఉక్కును బయటికి తీశాడు... ఎవరూ విడమరిచి చెప్పరు. కనిపెట్టుకోవాల్సిందే.

ఆ తర్వాత సమ్మెట. గురువు చిన్న సుత్తితో దాగలి మీద తాళం వేస్తే, శిష్యుడి సమ్మెట ఆ తాళానికే పడాలి. ఉక్కును సాగగొట్టి, మధ్యలో గాటు పెట్టి, మడిచి, మళ్లీ ఒక్కటయ్యేలా కొట్టాలి. ఇలా పది పదిహేను మార్లు. పదిహేను మడతలకు పొరలు 32,768. ప్రతి మడతకూ మలినం నిప్పురవ్వలై చిమ్ముతుంది. దాంతోపాటు ఉక్కుకు గట్టితనమిచ్చే కర్బనమూ కొంత కాలిపోతుంది. చాలించాల్సిన చోట చాలించకపోతే ఉక్కు మెత్తబడిపోతుంది.

అసలు పరీక్ష పదును పట్టించే వేళ. కత్తికి బంకమట్టి పూస్తారు. వీపున మందంగా, అంచున పలచగా. కొలిమిగదిని చీకటి చేస్తారు. వెలుతురుంటే కాలిన ఉక్కు రంగు కంటిని మోసం చేస్తుంది. సరైన ఎరుపు రాగానే నీళ్ల తొట్టిలోకి. పలచటి మట్టి ఉన్న అంచు క్షణంలో చల్లబడి గట్టిపడుతుంది. వీపు నెమ్మదిగా చల్లారి, విరగకుండా ఓర్చుకునే గుణం నిలుపుకుంటుంది. ఈ రెండింటి పెనుగులాటలోనే కత్తి వంపు తిరుగుతుంది. రంగు అంచనా కాస్త తప్పినా అంచు పగులుతుంది. అన్నాళ్ల చాకిరీ తొట్టిపాలు.

సుత్తి ఆగింది

1945 ఆగస్టు. అమతకు పద్దెనిమిదేళ్లు. జపాన్ లొంగిపోయింది. దేశంలోకి దిగిన మిత్రదేశాల సైన్యం ఆయుధాలన్నీ అప్పగించమంది. ఇళ్లలోని కత్తులు కుప్పలుగా పోయాయి. కొత్తవి చేయడం నేరమైంది. కత్తి చేసిన చేతులు కొడవళ్లకూ వంటింటి కత్తులకూ మళ్లాయి.

1952లో శాంతి ఒప్పందం అమల్లోకి వచ్చాక, దానికి గుర్తుగా 300 కత్తులు చేయించేందుకు కురిహర అనుమతి సంపాదించాడు. మరుసటి ఏడాది చట్టమూ దారిచ్చింది. 1955లో, యుద్ధం తర్వాత కొత్త కత్తులకు జరిగిన తొలి పోటీ ప్రదర్శనలో అమత అకిత్సుగు కత్తి బహుమతి గెలిచింది. అప్పటికి కురిహర లేడు. రెండోసారీ గురువు లేనివాడయ్యాడు.

బహుమతి వచ్చినా అమత మనసు నిలవలేదు. కామకుర కాలపు కత్తులు, అంటే ఏడు వందల ఏళ్ల నాటివి, చూస్తే ఆ ఉక్కు తీరే వేరు. సుత్తి దెబ్బతో రాని గుణమేదో దానిలో ఉంది. తేడా కొట్టడంలో కాదు, ఇనుములోనే ఉందన్న అనుమానం అతన్ని పట్టుకుంది. కత్తుల ఉక్కు కోసం ఇనుప ఇసుకను కరిగించే ‘తతర’ బట్టీలు యుద్ధంతోనే ఆరిపోయాయి. దాంతో ఇనుమును తానే తీయాలని పూనుకున్నాడు. ప్రయోగాలు చేస్తుండగానే 1960లో జబ్బు పడ్డాడు. ఎనిమిదేళ్లు కొలిమికి దూరం. ముప్ఫై మూడేళ్ల వయసులో, చేతికి ఒడుపు కుదురుతున్న రోజుల్లో, మంచం.

1968లో లేచాడు. మళ్లీ ఇసుక, మళ్లీ నిప్పు. 1977లో జపాన్ కత్తి పోటీల్లో అత్యున్నతమైన మసమునె బహుమతి అతన్ని వరించింది. సరిగ్గా ఆ ఏడాదే షిమనె ప్రాంతంలోని యొకోతలో తతర బట్టీ తిరిగి వెలిగింది. మూడు పగళ్లూ మూడు రాత్రులూ నిద్ర లేకుండా సుమారు 10 టన్నుల ఇసుకను బొగ్గుతో కరిగిస్తే రెండున్నర టన్నుల ముద్ద వస్తుంది. అందులో మేలిమి ఉక్కు కొంతే. ఆ మంటను నడిపింది పాత బట్టీలో పనిచేసిన అబె యొషిజో. మంట రంగు చూసి, ధ్వని విని ఇసుక ఎప్పుడు చల్లాలో తెలిసినవాడు. ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యమైతే ఆ ఎరుక కూడా మట్టిలో కలిసేది.

మనకు తెగిన దారం

అలా కలిసిపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కూర్చునేవారు. పశ్చిమాసియాలో పేరుమోసిన కత్తులకు ఇలాంటి దక్కన్ ఉక్కే ప్రాణం. ఆ పనిని 1820ల్లో హెన్రీ వోయ్సీ అనే ఆంగ్లేయుడు కళ్లారా చూసి రాసుకున్నాడు. 1832లో అచ్చయింది కూడా. ఆ రాత నేటికీ ఉంది. ఆ మూసను పొయ్యిలోంచి ఎప్పుడు తీయాలో తండ్రి దగ్గర నేర్చుకున్న కొడుకు మాత్రం లేడు. శాస్త్రవేత్తలు ఇప్పుడు ప్రయోగశాలల్లో ఆ గుట్టు వెతుకుతున్నారు. కాగితం పని ఎలా జరిగిందో చెప్పగలదు. చేయి తిప్పడం నేర్పలేదు.

జపాన్ ఈ సంగతి ఆలస్యంగానైనా గ్రహించింది. నేడు అక్కడ కత్తి చేయాలంటే అనుమతి ఉన్న గురువు దగ్గర కనీసం ఐదేళ్లు ఉండాలి. ఆపై ప్రభుత్వ సాంస్కృతిక శాఖ ఎనిమిది రోజుల పాటు పనిచేయించి పరీక్షిస్తుంది. నెగ్గినా నెలకు రెండు పొడవాటి కత్తులకు మించి చేయకూడదు. ఐదేళ్లలో జీతమేమీ ఉండదు కాబట్టి మధ్యలో వదిలేసేవాళ్లూ ఎక్కువే.

1997లో అమత అకిత్సుగును జపాన్ ప్రభుత్వం ‘సజీవ జాతీయ సంపద’గా ప్రకటించింది. ఆ గౌరవంతోపాటు ఏటా 20 లక్షల యెన్‌లు ఇస్తారు. అది చేసిన కత్తులకు కట్టిన వెల కాదు. పనిని ఇంకా మెరుగుపరుచుకుని, తర్వాతివాళ్లకు నేర్పమని ఇచ్చే సొమ్ము. 2013లో కన్నుమూసే నాటికి ఆయన శిష్యులు సొంత కొలిములు పెట్టుకున్నారు. పదేళ్లకే తండ్రిని పోగొట్టుకున్న ఆయనకు దొరకనిది వాళ్లకు దొరికింది: ఎదురుగా నిలబడి ప్రశ్న అడిగితే, సుత్తితో జవాబు చెప్పే మనిషి.