చెరువుతో మొదలైన ఆటవిడుపు

సూరత్‌కు రైలెక్కే తెలుగువాళ్ళలో చాలామందికి ఆ ఊరంటే చీరలు, వజ్రాలు, మరమగ్గాలు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో బేరాలు ముగించుకుని, లింబాయత్‌లోనో ఉధనాలోనో ఉన్న చుట్టాల ఇంట్లో ఓ పూట భోంచేసి తిరుగు రైలు పట్టుకుంటారు. పనే ప్రాణంగా బతికే ఊరని సూరత్‌కు పేరు. అయితే ఆ ఊరు ఆడుకుంది కూడా. ఎక్కడ ఆడుకుంది, ఎవరిని ఆడుకోనిచ్చింది అని ఆరా తీస్తూ పోతే ఐదువందల ఏళ్ళ వెనక ఒక చెరువుగట్టు దగ్గర తేలతాం.

అది గోపీ తలావ్. గుజరాత్ సుల్తానుల కాలంలో, 1510 ప్రాంతంలో, మాలిక్ గోపీ అనే సంపన్న వర్తకుడు తవ్వించాడు. సుల్తాను కొలువులో పలుకుబడి ఉన్నవాడు, పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్‌తో ఉత్తరాలు నడిపినవాడు. అతని పేరు మీద గోపీపురా అనే పేట ఇప్పటికీ ఉంది. 1623లో సూరత్ వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాలె ఈ చెరువును చూసి వర్ణించాడు. చుట్టూ రాతి కట్టడం, ఎన్నో కోణాలు, నీటిదాకా దిగే మెట్లు, నడిమధ్య చిన్న దీవి. ఆ దీవికి పడవలో పోవాలి, లేదంటే ఈదాలి. తాగునీటికి తవ్విన చెరువులో మధ్యన దీవి ఎందుకు? నీళ్ళు దాచుకోవడానికి దీవి అక్కర్లేదు కదా. తవ్వించినవాడి మనసులో నీటి అవసరంతోపాటు మనుషుల సరదా కూడా ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మన హైదరాబాదుతో పోల్చి చూస్తే ఈ పుట్టుక ప్రత్యేకత తెలుస్తుంది. 1687లో గోల్కొండను గెలిచిన మొగలు సైన్యం విడిది చేసిన నేల ఫతే మైదాన్ అయింది, 1967లో లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మార్చుకుంది. అక్కడ ఆటస్థలం యుద్ధం వదిలి వెళ్ళిన నేల. సూరత్‌లో అది ఒక వ్యాపారి ఊరికిచ్చిన నీళ్ళు. సూరత్ కోట 1540ల్లో, ఖుదావంద్ ఖాన్ చేతుల మీదుగా, పోర్చుగీసువాళ్ళ దాడుల నుంచి ఊరిని కాపాడుకోవడానికి లేచింది. అంటే ఆ ఊళ్ళో చెరువు ముందు, కోట తర్వాత. ఈ వరస నాకు చాలా ఇష్టం.

తర్వాత విదేశీ కంపెనీలు వచ్చాయి. ఇంగ్లీషువాళ్ళకు బందరులో 1611లో, సూరత్‌లో 1613లో కాలూనింది. వాళ్ళ వెంట మరో రకం ఆటవిడుపు దిగింది: గోడ కట్టుకున్న తోట. మాండెల్‌స్లో అనే జర్మన్ యువకుడు 1638 వానాకాలమంతా సూరత్‌లో ఇంగ్లీషువాళ్ళ అతిథిగా గడిపాడు. సెలవు రోజుల్లో ఊరి బయటి తోటలకు వెళ్ళి గురి చూసి కాల్చే పందేలు ఆడేవాళ్ళమని, వారానికి వంద మహమూదీలు గెలుచుకునేవాడినని రాసుకున్నాడు. ఆట అయ్యాక పళ్ళు, మిఠాయిలు, ఆపైన తొట్టిలో స్నానం. అర్ధశతాబ్దం తర్వాత, 1689లో వచ్చిన పాదిరీ ఓవింగ్టన్, కంపెనీ ప్రెసిడెంటు తోటకు బయల్దేరే వైభవం వర్ణించాడు. పల్లకీలు, ముందు జెండాలు, అరబ్బీ గుర్రాలు. షికారు కాస్తా ఊరేగింపయింది. చెరువుగట్టు మీద కూర్చునే జనానికి ఆ ఊరేగింపు చూడటం వరకే దక్కింది. తోట తలుపు వాళ్ళకు తెరుచుకోలేదు.

ఆ కంపెనీ తోటల్లో ఒకటి మాత్రం చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది, అదీ ఆటతో కాదు. తపతి ఒడ్డున ఫ్రెంచి గార్డెన్ అని ఒకటుండేది. 1907 డిసెంబరులో కాంగ్రెస్ మహాసభ పందిరి అక్కడే వేశారు. రాస్ బిహారీ ఘోష్ అధ్యక్షుడు. తిలక్ వేదిక మీదికొచ్చి నిలబడ్డాడు, మాట్లాడనివ్వలేదు, సభలోంచి ఒక చెప్పు ఎగిరొచ్చి సురేంద్రనాథ్ బెనర్జీకి, ఫిరోజ్‌షా మెహతాకు తగిలింది, ఆపైన కుర్చీలు, కర్రలు. మితవాదులు, అతివాదులు విడిపోయారు. విదేశీ వర్తకులు విశ్రాంతికి పెంచుకున్న తోటలో ఈ దేశపు జనం వేలల్లో కూర్చున్నది బహుశా అదే మొదలు. మొదటిసారి కలిసి కూర్చున్నది అలా చెదిరిపోయింది.

క్రికెట్ సంగతికి వద్దాం. మన దేశంలో ఆ ఆటకు దొరుకుతున్న తొలి ఆనవాలు సూరత్‌కు ఉత్తరాన, అదే సింధుశాఖ కొసన, ఖంభాత్‌లో ఉంది. 1721లో అక్కడ లంగరేసిన ఈస్టిండియా కంపెనీ నావికులు రోజూ క్రికెట్ ఆడి పొద్దుపుచ్చేవాళ్ళని క్లెమెంట్ డౌనింగ్ అనే నావికుడు రాశాడు. ఆ పుస్తకం 1737లో అచ్చయింది. ఆట అక్కడే వేళ్ళూనిందని మాత్రం అనలేం. ఓడతో వచ్చింది, ఓడతో పోయింది. దాన్ని మనవాళ్ళ చేతికి తెచ్చినవాళ్ళు పార్సీలు. సూరత్ రేవు వర్తకం బొంబాయికి తరలిపోతుంటే సూరత్, నవసారి ప్రాంతాల పార్సీ కుటుంబాలు ఎన్నో దాని వెంట తరలాయి. అక్కడే 1848లో ఓరియంటల్ క్రికెట్ క్లబ్ పుట్టింది. 1886లో పార్సీ జట్టు ఇంగ్లండు దాకా వెళ్ళి ఆడివచ్చింది. రేవుతోపాటు సూరత్ పోగొట్టుకున్నవాటిలో ఈ ఆట కూడా ఒకటని నేననుకుంటాను. డబ్బు పోయిన చోట మైదానం నిలవదు. పందొమ్మిదో శతాబ్దపు సూరత్ తన గత వైభవాన్ని తలుచుకుంటూ బతికిన ఊరు.

ఇక్కడొక భవనం గురించి ఆగి చెప్పాలి. కోటకు కాస్త దూరంలో మొగల్ సరాయి ఉంది. షాజహాన్ కాలంలో, 1644లో, బాటసారుల కోసం, ముఖ్యంగా హజ్ యాత్రకు ఓడెక్కేవాళ్ళ కోసం కట్టిన సత్రం. కొన్నాళ్ళు జైలుగా వాడారు. 1852లో ఏర్పడిన సూరత్ మునిసిపాలిటీ 1867లో ఆ భవనంలోకి చేరింది. నేటికీ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం అదే. ఊరి పార్కులు, ఈత కొలనులు, ఇండోర్ స్టేడియం అన్నీ అక్కడి ఫైళ్ళలోంచి పుట్టినవే. స్టేడియాలు చూడటానికి సూరత్ వెళ్ళినవాళ్ళు ముందు ఈ సత్రం ముందు నిలబడి చూడాలని నా కోరిక.

ఆ సత్రంలోని కుర్చీలో ఒక తెలుగువాడు కూర్చున్నప్పుడే ఈ కథ మలుపు తిరిగింది. 1994 సెప్టెంబరులో సూరత్‌కు ప్లేగు వచ్చింది. లక్షల మంది రైళ్ళు పట్టుకుని పారిపోయారు. మరమగ్గాలు ఆగాయి, మన నేతపనివాళ్ళూ పిల్లాపాపలతో సొంతూళ్ళకు చేరారు. మరుసటేడు మే నెలలో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు, అందరూ పిలిచే పేరు ఎస్.ఆర్. రావు. నగరాన్ని ఆరు జోన్లుగా విడదీసి, అధికారాలు కిందికి పంచి, అధికారులను ఏసీ గదుల్లోంచి రోజూ పొద్దున్నే వీధుల్లోకి నడిపించాడు. ఆక్రమణలు కూల్చాడు, పెద్దవాళ్ళవి కూడా. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరమంది. 1998లో రావుకు పద్మశ్రీ వచ్చింది. ఆయన స్టేడియాలు కట్టడానికి రాలేదు, చెత్త ఎత్తించడానికి వచ్చాడు. కానీ వెడల్పయిన రోడ్లు, పన్ను కట్టే అలవాటు, పనిచేయగలమన్న ధీమా లేకుండా ఆ తర్వాతి పార్కులూ, ఆటస్థలాలూ సాధ్యమయ్యేవి కావు. ఊరు ఆడుకోవాలంటే ముందు ఊపిరి పీల్చుకోగలగాలి. దాని వెనక ఒక తెలుగు అధికారి ఉన్నాడని లింబాయత్ పిల్లలకు ఎవరైనా చెబితే బాగుండును.

అఠ్వా లైన్స్ వైపున్న పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇండోర్ స్టేడియం కార్పొరేషన్‌దే. దాదాపు 7 వేల మంది కూర్చోవచ్చు. క్రికెట్ పిచ్చి ఉన్న దేశంలో సూరత్ మరో ఆటకు ఊరు కావడం ఇక్కడే చూస్తాం. అది టేబుల్ టెన్నిస్. కామన్వెల్త్ క్రీడల్లో 2018లోనూ 2022లోనూ పురుషుల జట్టు స్వర్ణంలో భాగమైన హర్మీత్ దేశాయ్ ఈ ఊరి పిల్లవాడే. 2015 డిసెంబరులో కామన్వెల్త్ టేబుల్ టెన్నిస్ చాంపియన్‌షిప్ ఈ స్టేడియంలోనే జరిగింది. 2022లో గుజరాత్ తొలిసారి జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చినప్పుడు, ఆ క్రీడలు అహ్మదాబాదులో ప్రారంభం కావడానికి తొమ్మిది రోజుల ముందే సూరత్‌లో టేబుల్ టెన్నిస్ బల్లలు వేసేశారు. ఆటగాళ్ళు చైనాలో ప్రపంచ జట్ల పోటీకి వెళ్ళాలి, అందుకని సెప్టెంబరు 20నే మొదలు. సొంత ప్రేక్షకుల ముందు హర్మీత్ సింగిల్స్ స్వర్ణం గెలిచాడు.

ఆ బల్లలు తీసి బ్యాడ్మింటన్ కోర్టులు వేశాక వంతు మనవాళ్ళది. మిశ్రమ జట్ల ఫైనల్లో తెలంగాణ కేరళను 3-0తో ఓడించి స్వర్ణం తీసుకుంది. పురుషుల సింగిల్స్ కూడా సాయి ప్రణీత్‌దే. 2019 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ ఆటగాడు ఫైనల్లో కర్ణాటక కుర్రాడు మిథున్ మంజునాథ్‌తో మూడు గేములు పోరాడి గెలిచాడు. సూరత్‌లో తెలంగాణ నేతపనివాళ్ళు తరాలుగా ఉంటున్నారు. కార్పొరేషన్ వాళ్ళ పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. అలాంటి ఊళ్ళో తెలంగాణ పేరు స్కోరుబోర్డు మీద అన్నిటికన్నా పైన నిలవడం నాకు చిన్న విషయంగా తోచదు.

క్రికెట్‌కు సొంత గూడు నగరానికి నైరుతిలో, సూరత్ జిల్లా క్రికెట్ సంఘం చేతుల్లో ఉంది. అదే లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియం. పెద్దది కాదు, 7 వేల సీట్లు. అహ్మదాబాదు మొతేరాలో లక్ష మందికి పైగా పడతారు, దానిముందు ఇది పెరటి లాంటిది. కానీ ఆ చిన్నతనమే దాని బలం. ఏ మూల కూర్చున్నా బౌలరు ముఖం కనిపిస్తుంది. 2019 సెప్టెంబరులో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాతో టి20 సిరీస్ మొత్తం ఇక్కడే ఆడింది. అంతకు మూడు వారాల ముందే మన మిథాలీ రాజ్ టి20ల నుంచి తప్పుకుంది. ఆ ఖాళీ అయిన జట్టులోకి సెప్టెంబరు 24న పదిహేనేళ్ళ షెఫాలీ వర్మ వచ్చి నాలుగు బంతులాడి సున్నాకే వెనుదిరిగింది. అదే మ్యాచ్‌లో దీప్తి శర్మ నాలుగు ఓవర్లలో మూడు మెయిడెన్లు వేసి ఎనిమిది పరుగులకు మూడు వికెట్లు తీసింది. ఆ తర్వాతి రెండు మ్యాచ్‌లు వానకు కొట్టుకుపోయాయి. అక్టోబరు 1న షెఫాలీ 46 కొట్టింది. అక్టోబరు 4న హర్మన్‌ప్రీత్ కౌర్ వంద టి20లు ఆడిన తొలి భారత క్రికెటర్ అయింది. అప్పటికి మగవాళ్ళలోనూ ఎవరూ ఆ అంకె చేరలేదు. ఆ రోజు జట్టు 70 పరుగులకే కుప్పకూలినా సిరీస్ 3-1తో మనదే. మన మహిళా క్రికెట్‌లో ఒక తరం పోయి ఇంకో తరం రావడాన్ని దగ్గరగా చూసినవాళ్ళు సూరత్ ప్రేక్షకులు. అదే ఏడు డిసెంబరు 1న సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ ఫైనల్ ఇక్కడే, ఒక్క పరుగు తేడాతో కర్ణాటక తమిళనాడును ఓడించింది.

అదే ఊళ్ళో పీఠావాలా మైదానం ఇంకా చిన్నది, ఇంకా తక్కువ పేరున్నది. 2025 నవంబరు 9న అక్కడ రంజీ ప్లేట్ మ్యాచ్‌లో మేఘాలయ ఆటగాడు ఆకాశ్ కుమార్ చౌదరి వరుసగా ఎనిమిది సిక్సర్లు కొట్టాడు, పదకొండు బంతుల్లో యాభై చేశాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో బంతుల లెక్కన అంత వేగమైన అర్ధశతకం ఇంకోటి లేదు. ప్రపంచ రికార్డులు పెద్ద స్టేడియాల కోసం కాచుకుని కూర్చోవు.

మరి గోపీ తలావ్? శతాబ్దాల మధ్యలో అది పూడిపోయింది. గత దశాబ్దంలో కార్పొరేషన్ మళ్ళీ తవ్వి, నీళ్ళు నింపి, గట్లు కట్టి, టికెట్టు పెట్టి తెరిచింది. పడవ షికారు ఉంది, పిల్లల ఆటలున్నాయి. 1984లో తపతి ఒడ్డున 81 ఎకరాల్లో పెట్టిన సర్థాణా నేచర్ పార్కు, 2009లో తెరిచిన సైన్స్ సెంటర్ కూడా కుటుంబాలతో వెళ్ళదగ్గవే. అయినా నా ఓటు చెరువుకే. అయితే ఒక మాట. తెలంగాణ ఆడపడుచులు బతుకమ్మ ఆడటానికి కావలసింది కాస్త జాగా, పక్కన ఒక చెరువు. మగ్గాల పేటల్లో రెండూ కరువే. లింబాయత్‌లోని నీలగిరి మైదానం పెద్ద రాజకీయ సభలకు తరచూ దొరుకుతుంది. పన్నెండు గంటల షిఫ్టు దిగివచ్చే మనిషికి నడిచి వెళ్ళేంత దూరంలో, టికెట్టు లేకుండా, చెట్టునీడ ఉన్న మైదానం ఉండాలి. అఠ్వా, వేసు వైపు పెట్టిన శ్రద్ధలో సగం ఉధనా, పాండేసరా, లింబాయత్ వైపు పెట్టినా అది సాధ్యమే. రెండేళ్ళలో ప్లేగు ఊరిని దేశానికి పాఠంగా మార్చుకున్నవాళ్ళకు ఇది కష్టమైన పని కాదు.

టికెట్టు లేని ఆటవిడుపు చూడాలంటే శరత్ పూర్ణిమ మర్నాడు వెళ్ళండి. ఆ రోజు సూరతీలకు చందీ పడ్వో. కోవా, బాదం, పిస్తాలు కూరి పైన నెయ్యి పోతపోసిన ఘారీలు డబ్బాల నిండా కొనుక్కుని, తోడుగా కారం మిక్చరు పెట్టుకుని, సాయంత్రానికి కుటుంబాలన్నీ రోడ్ల మీదికొస్తాయి. డుమస్ రోడ్డు పొడవునా కాలిబాటల మీద దుప్పట్లు పరిచి అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. పిల్లలు అక్కడే బ్యాట్లు తీస్తారు. ఇంకాస్త ముందుకు పోతే నల్ల ఇసుక డుమస్ బీచి, 2022లో జాతీయ క్రీడల బీచ్ వాలీబాల్ ఆడిన చోటు. అక్కడ బళ్ళ మీద టమాటా బజ్జీలు వేస్తారు. మందపాటి టమాటా ముక్కకు పచ్చని చట్నీ పూసి, పిండిలో ముంచి వేయించినవి, వేడి తగ్గకముందే తినాలి.