మెట్లెక్కిన కండక్టర్లు

పెద్ద వయసు వచ్చాక ఒంటిని కదపకుండా ఉంటేనే మంచిదన్న నమ్మకం వైద్యుల్లోనూ బలంగా ఉండేది. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచే దాకా గుండెపోటు వచ్చినవాళ్లను వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. ఆ నమ్మకానికి గట్టి దెబ్బ లండన్ సిటీ బస్సుల్లో తగిలింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో గుండెపోటు మరణాలు ఎందుకు పెరుగుతున్నాయో తేల్చడానికి జెర్రీ మోరిస్ అనే వైద్యుడు బస్సు, ట్రామ్ సిబ్బంది రికార్డులు తిరగేశాడు. 35 నుంచి 64 ఏళ్ల లోపు మగవాళ్లు, దాదాపు 31,000 మంది. డ్రైవరూ కండక్టరూ తిరిగేది ఒకే బండిలో, బతుకులూ ఇంచుమించు ఒకలాంటివే. కానీ డ్రైవరు డ్యూటీ అంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు రెండంతస్తుల బస్సులో టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. హైదరాబాదులో ఒకప్పుడు డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్లకు ఆ ఇరుకు మెట్లు గుర్తుండే ఉంటాయి. 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది: కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ, వచ్చినా ఆలస్యంగా, అంత తీవ్రంగా కాకుండా.

లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో? మోరిస్ ఈ ప్రశ్నను దాటవేయలేదు. యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవి. అయినా సన్నవాళ్లను సన్నవాళ్లతో, లావువాళ్లను లావువాళ్లతో పోల్చినా కండక్టర్లలో హఠాన్మరణాలు తక్కువే. తనకు వచ్చిన ఫలితాన్నే ఇలా నిలదీసి చూసిన ఓపిక నాకు ఆ ఫలితం కంటే గొప్పగా అనిపిస్తుంది. ఆయన 99 ఏళ్లు బతికాడు.

అమెరికాలో రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ ఓడరేవు కూలీలనూ, హార్వర్డ్ పూర్వ విద్యార్థులనూ ఏళ్ల తరబడి గమనించి ఇదే దారిలో నడిచాడు. అసలు ఆశ్చర్యం 1990లో బోస్టన్‌లో. అక్కడి వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల బలహీనులైన పదిమందితో మరియా ఫియాటరోన్ బృందం బరువులు ఎత్తించింది. ఎనిమిది వారాల్లో కాళ్ల కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై దాటిన కండ కూడా పనికి స్పందిస్తుందని అప్పటిదాకా ఎందరు నమ్మారు?

ఇక అందరి నోటా వినిపించే 10,000 అడుగుల లెక్క ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అమ్మకానికొచ్చిన అడుగుల మీటరు పేరులోది ఆ అంకె. 2019లో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల 16,741 మంది స్త్రీల నడకను కొలిచింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు మేలు కనిపించలేదు. ఒంట్లో బాగాలేనివాళ్లు ఎటూ తక్కువే నడుస్తారు కనుక ఘనతంతా నడకకే కట్టబెట్టలేం. అయినా పదివేలు మనవల్ల కాదని నడకే మానేసే పెద్దవాళ్లకు ఈ 4,400 సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.